గాలిమర నీడ, సర్వే గోపురం నీడ

‘ఆకాశం నుంచి చూసిన నేల’ ధారావాహిక: 7వ భాగం

షికాగో నుంచి డెన్వర్ వైపు పగటిపూట విమానంలో వెళ్లేవాళ్లు కిటికీ సీటు దొరికితే కాసేపైనా కిందికి చూస్తారు. నేలంతా నలుచదరపు గళ్లు. మైలుకో రోడ్డు, రోడ్డు వెంట పొలాలు, పొలం మూలన ఒక ఇల్లు. 1785 నాటి భూచట్టం ఆ గళ్లను ఎలా గీయించిందో, ఆరేసి మైళ్ల టౌన్‌షిప్‌ల లోపల 640 ఎకరాల సెక్షన్లు ఎలా పడ్డాయో పోయిన భాగంలో చెప్పుకున్నాం. ఆ సర్వే గొలుసులు పట్టుకుని చేసింది, భూమి అమ్ముకోవడానికి చేసింది. తొందరలో జరిగింది గనక తప్పులూ బాగానే దొర్లాయి.

ఈ భాగం ఇంకో సర్వే గురించి. దాని ఆనవాళ్లు విమానం కిటికీలోంచి కనబడవు. అయినా ఆ గళ్లు భూగోళం మీద సరిగ్గా ఎక్కడున్నాయో తేల్చింది అదే. దానికోసం అమెరికాలో వేలాది చోట్ల గోపురాలు లేచాయి. చాలామటుకు కొద్దిరోజుల్లోనే విప్పేశారు. ఇప్పుడు పాత విమాన ఫోటోలు ముందేసుకుని, ఫలానా చోట నిలబడ్డ ఆ ఇనుప కట్టడం సర్వేవాళ్లదా, రైతు నీళ్లు తోడుకునే గాలిమరా అని తేల్చే పని ఒకటుంది. చూడటానికి చిన్న పనే. దిగితే లోతు తెలుస్తుంది.

ముందు గోపురం ఎందుకో చూద్దాం. త్రిభుజాల సర్వే సూత్రం మనవాళ్లకు కొత్త కాదు. నేల మీద ఒక గీతను ఎంతో జాగ్రత్తగా కొలుస్తారు. అది బేస్‌లైన్. దాని రెండు కొసల నుంచి దూరాన ఉన్న మూడో చోటును థియోడలైట్‌తో చూసి కోణాలు రాసుకుంటారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా త్రిభుజం కాగితం మీదే వచ్చేస్తుంది. ఆ త్రిభుజం భుజం మీద ఇంకోటి, దానిమీద మరోటి. అలా వందల మైళ్లు గొలుసు పట్టకుండా పోవచ్చు. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టింది ఇదే పని. 1811లో ఆయన గుత్తి దగ్గర ఒక బేస్‌లైన్ కొలిచాడు. ఆ తర్వాత గుంటూరు దగ్గర, బీదరు దగ్గర కూడా. అమెరికాలో ఇదే పద్ధతికి పునాది పడింది 1807లో, అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కాలంలో. తీరాన్ని సర్వే చేయించాలని కాంగ్రెస్ చట్టం చేస్తే, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫెర్డినాండ్ హాస్లర్ ఆ పనికి పెద్ద అయ్యాడు. తర్వాతి రోజుల్లో ఆ సంస్థకే కోస్ట్ అండ్ జియోడెటిక్ సర్వే అని పేరొచ్చింది. ఇవాళ దాని వారసత్వం నేషనల్ జియోడెటిక్ సర్వేది.

లాంబ్టన్‌కు దక్షిణాదిలో ఒక సుఖం ఉండేది. రాయలసీమలో, తెలంగాణలో ఎటు చూసినా ఏదో ఒక గుట్ట ఉంటుంది. గుట్టెక్కి పరికరం పెడితే ఇరవై ముప్పై మైళ్ల అవతలి గుట్ట కనిపిస్తుంది. అడవి అడ్డొస్తే మాత్రం ప్రాణాల మీదికొచ్చేది. లాంబ్టన్ కింద కొత్తగా చేరిన జార్జ్ ఎవరెస్ట్‌కు గోదావరి పక్క అడవుల్లో జ్వరం పట్టుకుంది. 1820లో ఒళ్లు బాగుచేసుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సొచ్చింది. కొండలు లేని గంగామైదానం చేరాక ఎవరెస్ట్ రాతి, ఇటుక గోపురాలే కట్టించాడు. కలకత్తా బారక్‌పూర్ రోడ్డు మీద 1830ల నాటి గోపురాలు ఇప్పటికీ ఉన్నాయి.

అమెరికా మధ్య రాష్ట్రాల్లో కథ గంగామైదానం కథే. అయోవా, ఇల్లినాయ్, కాన్సస్, మిన్నెసోటా అంతా చదును. చదును నేలలో దూరం కనబడకపోవడానికి కారణం చెట్లొక్కటే కాదు, భూమి గుండ్రంగా ఉండటం. సర్వేవాళ్లకు నోటికొచ్చిన లెక్క ఒకటుంది. మైళ్లలో దూరాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చిన దాన్ని 0.574తో హెచ్చవేస్తే, అంత దూరంలోని నేలగీత కనబడటానికి ఎన్ని అడుగులు పైకెక్కాలో వస్తుంది. గాలి పొరల్లో వెలుగు వంగడం కూడా ఆ లెక్కలోనే కలిసి ఉంది. ఇరవై అయిదు మైళ్ల దూరంలో ఉన్న రెండు చోట్ల నుంచి ఒకరినొకరు చూసుకోవాలంటే చెరి పన్నెండున్నర మైళ్లు. ఒక్కొక్కరు దాదాపు 90 అడుగులు ఎక్కాలి. మధ్యలో చెట్లుంటే వాటి ఎత్తు అదనం.

తొంభై అడుగుల మీద నిలబడి ఒక కోణాన్ని సెకండు లెక్కన కొలవాలి. సెకండంటే డిగ్రీలో 3,600వ వంతు. ఇరవై కిలోమీటర్ల దూరాన ఒక సెకండు తప్పు పది సెంటీమీటర్ల తేడా తెస్తుంది. కింద నుంచి మనిషి నిచ్చెన ఎక్కుతుంటేనే గోపురం ఊగుతుంది. మరి పరికరం కదలకుండా ఎలా? దీనికి పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం రెండు గోపురాలు కట్టడం. లోపల ఒకటి, దాని చుట్టూ ఇంకొకటి. లోపలి దానిమీద పరికరం ఒక్కటే ఉంటుంది. మనుషులందరూ బయటి దానిమీద ఎక్కుతారు, నడుస్తారు, తిరుగుతారు. రెండింటికీ ఎక్కడా తాకిడి ఉండకూడదు. ఒక్క మేకు రెండింటినీ కలిపినా ఆ రాత్రి కొలతలు దండగే.

మొదట్లో వాటిని కర్రతో కట్టేవారు. ప్రతి స్టేషనుకూ కలప కొనాలి, మోయాలి, కొయ్యాలి, మేకులు కొట్టాలి. పని అయ్యాక ఆ కలప అక్కడే వదిలెయ్యడం. ఖర్చంతా కలపలోనూ వడ్రంగి కూలిలోనూ పోయేది. ఇక్కడ రంగంలోకి వచ్చినవాడు జాస్పర్ షెర్మన్ బిల్బీ.

బిల్బీ ఇండియానా రాష్ట్రం మనిషి. 1864లో పుట్టాడు, 1884లో సర్వేలో కింది మెట్టు మీద చేరాడు, 1937లో రిటైరయ్యాడు. యాభై ఏళ్లకు పైగా ఒకటే ఉద్యోగం. ముందుగా వెళ్లి ఏ గుట్ట నుంచి ఏ గుట్ట కనిపిస్తుందో చూసి రావడం, అక్కడ గోపురాలు లేపడం ఆయన పని. ఆ విద్య మీద 1923లో సర్వే సంస్థ తరఫున ఒక చేతిపుస్తకమే రాశాడు. కర్ర గోపురం గురించి ఆయనకు తెలిసినంతగా దేశంలో ఎవరికీ తెలియదనాలి. దాన్ని పక్కనపెట్టినవాడూ ఆయనే. 1926లో ఆయన చూపు రైతుల గాలిమరల మీద పడింది. నాలుగు ఇనుప కాళ్లు, అడ్డకమ్మీలు, బోల్టులు. తేలిక, గట్టి, విప్పుకుని బండిలో వేసుకోవచ్చు. షికాగోలో గాలిమరలు చేసే ఏర్మోటర్ కంపెనీతో కలిసి తన గోపురానికి రూపం ఇచ్చాడు. లోపలా బయటా మూడేసి ఇనుప కాళ్లతో రెండు గోపురాలు. 1927 నుంచి అది పనిలోకి దిగింది. పొడుగు అవసరాన్ని బట్టి పెంచుకోవచ్చు. లోపలిది నూరడుగులు దాటి కూడా లేచేది, బయటిది దానికన్నా పదడుగులు ఎక్కువ. అలవాటు పడ్డ చిన్న జట్టు ఒక్క రోజులో నిలబెట్టేది. పని కాగానే విప్పి, లారీలో వేసుకుని, తర్వాతి స్టేషనుకు పోయేది.

పని రాత్రిళ్లు జరిగేది. పగలు ఎండకు నేల వేడెక్కి గాలి అలలాడుతుంది, దూరపు గురి నిలవదు. చీకటి పడ్డాక ఆవలి గోపురం మీద దీపం వెలిగించేవాళ్లు. ఆ దీపం కాచే మనిషి ఒక్కడే, మైళ్ల దూరంలో, రాత్రంతా. పరికరం దగ్గరున్నవాడు కోణం రాసుకున్నాక వెలుగు మినుకులతోనే అతనికి కబురు పంపేవాడు: అయిపోయింది, దిగు, లేదా ఇంకో దిక్కుకు తిప్పు. థియోడలైట్ దగ్గరి మనిషికి గాలి తగలకుండా చుట్టూ గుడ్డ కట్టేవారు. ఈ గుడ్డ సంగతి గుర్తుపెట్టుకోండి, ఫోటో దగ్గర అక్కరకొస్తుంది.

ఇక ఫోటోల వైపు. 1933లో రూజ్వెల్ట్ ప్రభుత్వం పంట ధరలు నిలబెట్టడానికి, సాగు తగ్గించిన రైతుకు డబ్బిచ్చే చట్టం తెచ్చింది. 1936లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వేరే పేరుతో మళ్లీ వచ్చింది. చట్టం ఏదైనా, రైతు ఎంత మేర సాగు తగ్గించాడో కొలవాలి. గొలుసు పట్టి లక్షల పొలాలు కొలవడం అయ్యే పని కాదు. వ్యవసాయ శాఖ విమానాలు కుదుర్చుకుంది. కౌంటీ తర్వాత కౌంటీ, వరసలు వరసలుగా ఫోటోలు తీయించింది. మామూలు స్కేలు 20,000కి ఒకటి. ఎనిమిదింబావు అంగుళాల లెన్సుతో 13,750 అడుగుల ఎత్తు నుంచి తీస్తే ఆ స్కేలు వస్తుంది. 1940ల మొదటికి సాగుభూమిలో పెద్ద భాగం ఫిల్ము మీదికి చేరింది. పంట లెక్కలకు తీసిన ఆ ఫోటోలు ఇవాళ చరిత్రకారులకు, భూగర్భ శాస్త్రవేత్తలకు, తాతల పొలం వెతుక్కునేవాళ్లకు పెన్నిధి. ఇల్లినాయ్, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లో వాటిని స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టారు. మన దేశంలో విమాన ఫోటో అంటే రక్షణ శాఖ అనుమతులు గుర్తొస్తాయి. అక్కడ కౌంటీ ఆఫీసులో రైతు తన పొలం ఫోటో కాపీ కొనుక్కునేవాడు.

ఒక ఫోటో తీసుకుని చూద్దాం. నలుపు తెలుపు, తొమ్మిదంగుళాల చదరం. అంచున తేదీ ఉంటుంది. ఇంకో మూల కౌంటీని తెలిపే అక్షరాలు, ఫిల్ము చుట్ట నంబరు, ఫోటో నంబరు. టైము మాత్రం చాలావాటిలో ఉండదు. దాన్ని నీడలే చెప్పాలి. మొదట చేయాల్సింది ఫోటోను నీడలు మనవైపు పడేలా తిప్పుకోవడం. ఉత్తరం పైకి పెట్టుకుంటే అమెరికాలో నీడలు మనకు ఎదురుగా, పైవైపు పడతాయి. మన కన్ను మోసపోయి వాగును దిబ్బగా, దిబ్బను గుంటగా చూపిస్తుంది. ఈ పనిలో ఆరితేరినవాళ్లు కూడా ముందు ఫోటో తిప్పి తర్వాతే కళ్లజోడు పెట్టుకుంటారు.

ముప్పై మీటర్ల గోపురం ఈ ఫోటోలో ఎంతుంటుంది? సూర్యుడు 35 డిగ్రీల ఎత్తున ఉంటే దాని నీడ దాదాపు 43 మీటర్లు. ఫోటో మీద రెండు మిల్లీమీటర్లు. గోపురం ఫోటో మధ్య నుంచి పది సెంటీమీటర్ల దూరాన పడితే, పైకొస కిందికొస కన్నా 0.7 మిల్లీమీటరు బయటికి వాలినట్టు కనిపిస్తుంది. అంటే గోపురం కన్నా దాని నీడే పెద్దది. అందుకే ఈ పనివాళ్లు ముందు నీడను వెతుకుతారు. టైము తెలియనప్పుడు ఎత్తు లెక్కకట్టడానికి సులువైన దారి పోల్చడం. అదే ఫోటోలో, అదే చదును నేల మీద, ఎత్తు తెలిసిన ధాన్యం గాదె ఏదైనా ఉంటే దాని నీడ కొలుస్తారు. రెండు నీడల నిష్పత్తే రెండు ఎత్తుల నిష్పత్తి. పక్క పక్క ఫోటోలు రెండూ స్టీరియోస్కోపు కింద పెడితే మూడో కొలత చేతికొస్తుంది. గోపురం నేల మీంచి లేచి కళ్ల ముందు నిలబడుతుంది, రెండు ఫోటోల్లో దాని చోటు తేడాను కొలిచి ఎత్తు లెక్కకట్టొచ్చు.

ఇంత తేలిగ్గా తేలితే ఈ భాగం రాయాల్సిన పనే లేదు. చిక్కు సూర్యుడి దగ్గరుంది. ఆకాశంలో సూర్యుడు అరడిగ్రీ వెడల్పున్న బిళ్ల. ముప్పై మీటర్ల మీదున్న వస్తువు నీడ నేలకు చేరేసరికి అంచులు చెదిరి అరమీటరు మేర మసకబారుతుంది. కొన్ని అంగుళాల వెడల్పున్న ఇనుప కాలి నీడ ఆ మసకలో కరిగిపోతుంది. పాత కర్ర గోపురాల దుంగలు లావు గనక వాటి నీడ కాస్త నయం. బిల్బీ ఇనుప గోపురం నీడ మాత్రం కింది భాగంలో సన్నటి గీతలుగా మొదలై పైకి పోయేకొద్దీ మాయమవుతుంది. కొసన మళ్లీ ఒక చుక్క తేలవచ్చు. ఆ చుక్క పైనున్న అరుగుదీ, గాలికి కట్టిన గుడ్డదీ.

గాలిమర కూడా సరిగ్గా అలాంటి నీడే వేస్తుంది. కింద సన్నటి గీతలు, కొసన చక్రం చుక్క. ఉండదూ మరి? బిల్బీ గోపురం పుట్టిందే గాలిమర కాళ్ల నుంచి. మూడు కాళ్లా నాలుగు కాళ్లా అని 20,000కి ఒకటి స్కేలు ఫోటోలో లెక్కపెట్టడం దాదాపు అసాధ్యం. గాలిమర చక్రం పది అడుగులుంటే ఫోటో మీద 0.15 మిల్లీమీటరు. ఫిల్ము మీది గరుకుకూ దానికీ తేడా తెలియడమే గొప్ప. నా తీర్పు అడిగితే, నీడ ఒక్కటే చూసి ఇది సర్వే గోపురం అని రాసేవాడి మాట నమ్మకూడదు.

మరి ఎలా తేలుస్తారు? కట్టడాన్ని వదిలేసి దాని చుట్టుపక్కల చూస్తారు. గాలిమర అంటే నీళ్లు, నీళ్లంటే పశువులు. గాలిమర కింద తొట్టి, తొట్టి చుట్టూ గొడ్ల కాళ్ల కింద నలిగి తెల్లబడ్డ నేల, నాలుగు దిక్కుల నుంచీ అక్కడికి వచ్చే సన్నటి బాటలు. చీమలు బెల్లపు ముక్కకు కట్టిన బారుల్లా ఆ బాటలు పై నుంచి స్పష్టంగా కనబడతాయి. సర్వే గోపురం చుట్టూ ఇవేవీ ఉండవు. దానికి నీరు అక్కర్లేదు, ఎత్తు కావాలి. పొలంలో ఆ చుట్టుపక్కల ఎత్తైన మిట్ట మీద ఉంటుంది, వాగుకు దూరంగా ఉంటుంది. దానికి శాశ్వతమైన దారీ ఉండదు. పచ్చిక మీద ఒక లారీ వచ్చి వెళ్లిన రెండు చారలు ఉంటే ఉంటాయి.

అడవి రాష్ట్రాల్లో గుర్తు వేరు. మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా లాంటి చోట్ల ఆవలి గోపురం కనబడటానికి చెట్లు అడ్డొస్తే కొట్టేసేవారు. ఒక చిన్న ఖాళీ, దాని నుంచి రెండు మూడు దిక్కులకు కత్తితో కోసినట్టు సన్నటి తిన్నని బారులు. బాట వంకర్లు పోతుంది, కంచె పొలం మూలన ఆగుతుంది, కరెంటు లైను ఊరి దాకా పోతుంది. ఈ బారు మాత్రం ఎక్కడికీ పోదు, కొంత దూరం పోయి అడవిలో ఆగిపోతుంది. అక్కడి నుంచి చూపు చెట్ల మీదుగా పోతుంది గనక ఇక కొట్టాల్సిన పని లేదు. గోపురం పోయినా ఆ బారులు ఏళ్ల తరబడి ఫోటోల్లో నిలుస్తాయి. గుర్తుపట్టడానికి గోపురం కన్నా ఇదే గట్టి సాక్ష్యం.

పొరబడే అవకాశం ఉన్నవి ఇంకా ఉన్నాయి. అడవి మంటలు కనిపెట్టే గోపురం కొండ నెత్తిన ఉంటుంది. దానికి నాలుగు కాళ్లు, పైన గది, కిందికి రోడ్డు, పక్కన కాపలావాడి ఇల్లు. ఆ పైగది నీడ ఫోటోలో చక్కగా పడుతుంది. చమురు బావి గోపురానికి అడుగు వెడల్పు ఎక్కువ, పక్కన బురద గుంట, ట్యాంకులు. వీటికన్నా సరదా అయినవి విమాన టపా దీపస్తంభాలు. 1920ల మధ్య నుంచి న్యూయార్క్ శాన్‌ఫ్రాన్సిస్కో దారి పొడుగునా సుమారు పదేసి మైళ్లకు ఒక ఇనుప స్తంభం నిలబెట్టి, పైన తిరిగే దీపం పెట్టారు. చాలాచోట్ల దాని కాళ్ల కింద నేల మీద పెద్ద సిమెంటు బాణం గుర్తు పోశారు, పైలట్‌కు దారి చూపడానికి. కొన్ని బాణాలు పడమటి ఎడారుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వీటిని సర్వే గుర్తులని చెప్పుకునేవాళ్లు తరచూ తగులుతుంటారు. అలాంటి సిమెంటు బాణం ఉంటే అది టపా బాపతు, సర్వేవాళ్లు నేల మీద అలాంటి బాణాలు పోయలేదు.

చివరి మాట చెప్పేది కాగితం. ప్రతి స్టేషనుకూ సర్వే సంస్థ ఒక వివరణ రాసి పెట్టింది. ఫలానా ఊరి పోస్టాఫీసు నుంచి ఇన్ని మైళ్లు ఉత్తరంగా పోయి, ఫలానా రైతు కొట్టం దాటాక ఎడమకు తిరిగి, కంచె మూల నుంచి ఇన్ని అడుగులు. మన ఊళ్లో కరణం పొలం సరిహద్దులు చెప్పే తీరే. ఆ వివరణలు, అక్షాంశ రేఖాంశాలతో సహా, నేషనల్ జియోడెటిక్ సర్వే అందరికీ ఇస్తోంది. గుర్తును ఎవరు ఏ ఏడాది మళ్లీ చూశారో, కనబడిందో లేదో కూడా అందులో ఉంటుంది. ఫోటోలో తేలిన చోటు, కాగితంలోని చోటు కలిస్తేనే పని పూర్తయినట్టు.

ఇక్కడో మడతపేచీ ఉంది. పాత కాగితాల్లోని అక్షాంశ రేఖాంశాలు 1927 లెక్క ప్రకారం రాసినవి. ఆ లెక్కకు మూలం కాన్సస్‌లో మీడ్స్ రాంచ్ అనే పశువుల పచ్చిక నేలలో పాతిన ఒక గుర్తు. ఖండం మొత్తం పటాలు దశాబ్దాలపాటు ఆ ఒక్క చోటు నుంచే లెక్కకట్టారు. 1980లలో రెండున్నర లక్షలకు పైగా గుర్తుల కొలతలను కంప్యూటర్లకెక్కించి మొత్తం మళ్లీ లెక్కకట్టారు. దాంతో ప్రతి చోటి అంకెలూ మారాయి. చోటును బట్టి పదుల మీటర్లు, పడమటి తీరంలో దాదాపు వంద మీటర్లు. ఆ సంగతి తెలియక పాత అంకెను కొత్త పటం మీద వేస్తే, మన ఫోటోలో అయిదు మిల్లీమీటర్ల పక్కన వెతుకుతూ కూర్చుంటాం. ఆ అయిదు మిల్లీమీటర్లలో ఒక రైతు ఇల్లు, గాలిమర అన్నీ పట్టేస్తాయి.

ఫోటోలో గుర్తు చోటు తప్పిపోయే ఇబ్బందిని మాత్రం ఆ కాలపు సర్వేవాళ్లే ముందే పసిగట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. తీరప్రాంతాల పటాలను ఫోటోల నుంచి గీయాలంటే, నేల మీద గుర్తు ఫోటోలో సరిగ్గా ఎక్కడుందో తెలియాలి. అందుకు మనిషి ఫోటో ప్రింటు చేతపట్టుకుని ఆ చోటికే పోయేవాడు. చేతిలో జేబు స్టీరియోస్కోపు, ఒక సన్నటి సూది. స్టేషను గుర్తు అరచేతి కన్నా చిన్న ఇత్తడి బిళ్ల, ఫోటోలో కనబడదు. దగ్గర్లో ఫోటోలో స్పష్టంగా పడ్డ వస్తువేదో ఎంచుకునేవాడు: కంచె మూల, ఒంటి చెట్టు, కొట్టం మూల. అక్కడి నుంచి బిళ్లకు దూరం, దిక్కు టేపుతో, పరికరంతో కొలిచి రాసుకునేవాడు. తర్వాత ఫోటో మీద ఆ కంచె మూలను సూదితో పొడిచి, వెనక్కి తిప్పి, ఆ చిల్లు చుట్టూ సున్నా చుట్టి, పక్కన చిన్న బొమ్మ గీసి, పేరు రాసేవాడు. సూది చిల్లు ఎంత సన్నగా ఉన్నా నేల మీద అది రెండు మూడు మీటర్లు. అందుకే సూది పొడిచే మనిషి చెయ్యి తొణక్కూడదు. కొన్నిచోట్ల విమానం రాకముందే బిళ్ల చుట్టూ తెల్లగుడ్డ పరిచి పెట్టేవారు, ఫోటోలో తేటగా పడాలని.

ఆ బిళ్లల మీద ఒక చిత్రమైన హెచ్చరిక అచ్చుపోసి ఉండేది. దీన్ని కదిలిస్తే 250 డాలర్ల జరిమానా, లేదా జైలు. వివరాలు కావాలంటే వాషింగ్టన్‌లో డైరెక్టరుకు రాయమని కూడా. మధ్యలో చిన్న త్రిభుజం, దాని నడుమ చుక్క. చుట్టూ స్టేషను పేరు, ఏడాది. కొద్ది దూరంలో మరో రెండు బిళ్లల మీద బాణాలుండి అసలు బిళ్ల వైపు చూపిస్తాయి. చాలా చోట్ల పై బిళ్ల కింద, భూమిలో, ఇంకో గుర్తు దాచి ఉంచేవారు. నాగలి పైదాన్ని పెకలించినా కిందిది మిగలాలని.

ఈ పాత గుర్తుల వెతుకులాట వ్యర్థమైన సరదా అనుకునేవాళ్లు లూసియానా తీరం చూడాలి. 1932 నుంచి 2016 దాకా ఆ తీరం 1,800 చదరపు మైళ్లకు పైగా నేలను సముద్రానికి ఇచ్చేసింది. ఏ ఏడాది ఒడ్డు ఎక్కడుండేదో చెప్పేది పాత విమాన ఫోటోలు, వాటిని నేలకు కట్టిపడేసిన సర్వే గుర్తులు. గుర్తు పొరపాటు పడితే ఒడ్డూ పొరపాటు పడుతుంది. నేల నష్టం దావాలు, చమురు కంపెనీల సరిహద్దు తగాదాలు ఆ పొరపాటు మీద నిలబడలేవు. విచిత్రంగా, దేశంలో విప్పకుండా మిగిలిన బిల్బీ గోపురం దొరికింది కూడా ఆ రాష్ట్రంలోనే, న్యూ ఆర్లీన్స్ దగ్గరి కూబా ఐలాండ్ చిత్తడి నేలలో. సర్వేయర్స్ హిస్టారికల్ సొసైటీ వాళ్లు గత దశాబ్దంలో దాన్ని ముక్కలుగా విప్పి, ఇండియానాలో బిల్బీ సొంతూరు ఆస్‌గుడ్‌కు తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. అన్ని వేల చోట్ల లేచినవాటిలో మనం కళ్లారా చూడగలిగింది అదొక్కటే అనాలి.

ఉపగ్రహాలతో చోటు కొలవడం వచ్చాక ఒకరినొకరు చూసుకోవాల్సిన అవసరం తీరిపోయింది. చివరి బిల్బీ గోపురం 1984లో కనెటికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ దగ్గర లేచింది. ఆ తర్వాత కట్టలేదు.

అమెరికాలో ఉంటున్న మన పాఠకులకు ఒక విన్నపం. మీ ఊరి పార్కులో, కౌంటీ కోర్టు మెట్ల పక్కన, కొండ నడకదారిలో త్రిభుజం ఉన్న ఇత్తడి బిళ్ల కనబడితే ఫోటో తీసి, దానిమీది పేరు, ఏడాది రాసుకోండి. నేషనల్ జియోడెటిక్ సర్వే ఆ కబురును ఎవరు పంపినా తీసుకుంటుంది. మీ కౌంటీ పాత విమాన ఫోటో దొరికితే అదే చోటు వెతికి చూడండి, పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. బిళ్లను మాత్రం కదపవద్దు.

(వచ్చే భాగం: తొమ్మిది లెన్సుల కెమెరా)